ఉబ్బసం, సీఓపీడీలో పీజీ శిక్షణ: డాక్టర్లు, నర్సులు, టెక్నీషియన్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నీట్ పీజీ ర్యాంకులు వచ్చిన ప్రతిసారీ నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తుంటాయి. "మేడమ్, పల్మనాలజీ (ఊపిరితిత్తుల వైద్యం) తీసుకోవచ్చా", "మేడమ్ మా వార్డులో నర్సు, ఆమెకి ఏదైనా కోర్సు ఉందా", "స్పైరోమెట్రీ (గొట్టంలో ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) ఎక్కడ నేర్పిస్తారు". విడివిడిగా ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అవే అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఊపిరితిత్తుల వార్డులో పనిచేస్తూ, పీజీలకూ నర్సులకూ నేర్పిస్తూ తెలుసుకున్నవే ఇందులో ఎక్కువ.

ఉబ్బసం గురించి ఎంబీబీఎస్‌లోనే చెప్పారు కదా, మళ్లీ ప్రత్యేక శిక్షణ ఎందుకు?

చెప్పారు, నిజమే. కానీ ఆ పోస్టింగ్ కొన్ని వారాలే, అందులో సగం రోజులు కేస్ షీట్లు రాయడంతోనే పోతాయి. మన దేశంలో 2016 నాటికి సీఓపీడీ (పొగ, దుమ్ము లాంటివాటి వల్ల ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) ఉన్నవాళ్లు సుమారు 5.5 కోట్ల మంది, ఉబ్బసం ఉన్నవాళ్లు దాదాపు 3.8 కోట్ల మంది అని అంచనా. ఇంతమందిని ఛాతీ నిపుణులే చూడటం జరిగే పని కాదు. వీళ్లలో ఎక్కువమంది మొదట వెళ్లేది పీహెచ్‌సీకి, బస్తీ దవాఖానాకి, లేదా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి. అక్కడ డెరిఫిలిన్, డెక్సా ఇంజెక్షన్లు వేస్తారు, ఆ పూటకి ఆయాసం తగ్గుతుంది, పది రోజులకి మళ్లీ మొదలవుతుంది.

బ్రిటన్‌లో 2014లో ఒక నివేదిక వచ్చింది, రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లది. ఒక ఏడాదిలో ఉబ్బసంతో చనిపోయిన 195 మంది వివరాలు ఒక్కొక్కటీ తీసి చూశారు. గైడ్‌లైన్స్ ప్రకారం చూసుకుని ఉంటే అందులో 46 శాతం మరణాలు ఆగి ఉండేవని తేల్చారు. రిలీవర్ పంపు (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గడానికి పీల్చేది) ఎన్ని ఇచ్చారో లెక్క దొరికిన 165 మందిలో 39 శాతం మందికి ఏడాదిలో 12 కంటే ఎక్కువ పంపులు రాశారు. అంటే రోగం ముదురుతోందని ఆ చీటీలే చెబుతున్నాయి, వాటిని చదివే కన్ను ఎవరికీ లేదు. అన్ని సదుపాయాలున్న దేశంలోనే పరిస్థితి అది. ఆ కన్ను రావడానికే శిక్షణ.

ఎంబీబీఎస్ అయింది. నా ముందు ఏయే దారులున్నాయి?

మూడేళ్ల ఎండీ రెస్పిరేటరీ మెడిసిన్ ఒకటి. దీన్నే పాతవాళ్లు టీబీ అండ్ చెస్ట్ అంటారు, కొన్ని కాలేజీల్లో బోర్డు మీద ఇప్పటికీ అదే ఉంటుంది. రెండోది మూడేళ్ల డీఎన్‌బీ, అంటే ఎండీ లాంటిదే, నేషనల్ బోర్డు ఇచ్చేది. మూడోది నేషనల్ బోర్డు వాళ్ల రెండేళ్ల డిప్లొమా. ఎంబీబీఎస్ తర్వాత నేరుగా చేసే డిప్లొమాలు 2020లో ఎనిమిది విభాగాల్లో మొదలుపెట్టారు, వాటిలో టీబీ, ఛాతీ వ్యాధులు ఒకటి. ఎయిమ్స్ లాంటి కొన్ని జాతీయ సంస్థల ఎండీ సీట్లకి తప్ప, మూడింటికీ నీట్ పీజీయే గేటు. డిప్లొమా చేసినవాళ్లు తర్వాత ఇంకో పరీక్ష రాసి రెండేళ్లలో డీఎన్‌బీ పూర్తి చేసుకోవచ్చు, కాబట్టి ర్యాంకు సరిపోలేదని ఈ సబ్జెక్టు మీద ఇష్టాన్ని చంపుకోవాల్సిన పని లేదు.

ఎండీ గొప్పదా, డీఎన్‌బీ గొప్పదా?

పేరు చూసి తేల్చుకోకండి. వార్డు చూసి తేల్చుకోండి.

సరే, సీటు ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి? అందరూ స్టైపెండ్, హాస్టల్ గురించే చెబుతున్నారు.

అవీ అవసరమే, కాదనను. కానీ కౌన్సెలింగ్‌కి ముందు ఒక్క రోజు వీలు చేసుకుని ఆ ఆసుపత్రికి వెళ్లండి, ఓపీ బయట గంటసేపు కూర్చోండి. అక్కడ పీజీ డాక్టర్ రోగి చేతికి ఇన్‌హేలర్ ఇచ్చి "ఎలా పీలుస్తున్నారో ఒకసారి చూపించండి" అని అడుగుతున్నాడా, లేక చీటీ రాసి పంపేస్తున్నాడా? స్పైరోమెట్రీ గది తాళం తీసి ఉందా? ఉంటే మిషన్ ముందు ఎవరున్నారు? చాలాచోట్ల టెక్నీషియన్ సెలవు పెడితే ఆ వారం పరీక్షలే ఉండవు, పీజీలకి మిషన్ ముట్టుకునే అవకాశమే రాదు. సెకండ్ ఇయర్ పీజీని పక్కకి పిలిచి మూడు విషయాలు అడగండి: బ్రాంకోస్కోపీ (ఊపిరి గొట్టాల్లోకి కెమెరా పంపి చూడటం) నువ్వు చేస్తావా, పక్కన నిలబడి చూస్తావా, నాన్ ఇన్వేజివ్ వెంటిలేటర్ (గొంతులో గొట్టం లేకుండా మాస్కుతో ఊపిరి అందించేది) మీద పేషెంట్‌ని రాత్రిపూట ఎవరు చూసుకుంటారు, ఎక్స్‌రేలు పెట్టుకుని కూర్చునే క్లాసు వారానికి ఎన్నిసార్లు జరుగుతుంది. సీనియర్లు మొహమాటం లేకుండా చెప్పేస్తారు.

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, విశాఖలో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రి లాంటి చోట్ల పెద్ద బలం రోగుల సంఖ్య. టీబీ, సీఓపీడీ, ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం), బ్రాంకియెక్టాసిస్ (ఊపిరి గొట్టాలు వెడల్పై దెబ్బతినడం) కళ్ల ముందు బారులు తీరి ఉంటాయి, చెవికి స్టెత్ పెట్టినంతసేపూ నేర్చుకోవడమే. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో పరికరాలు, ఐసీయూ అనుభవం బాగుంటాయి కానీ రోగికీ పీజీకీ మధ్య కన్సల్టెంట్లు ఎక్కువ. మీకు ఏది తక్కువైందో తెలుసుకుని దాన్ని వేరేచోట భర్తీ చేసుకోండి. దేనిలోనూ అన్నీ దొరకవు.

మూడేళ్లలో ఏం జరుగుతుంది? థీసిస్ గురించి చాలా టెన్షన్‌గా ఉంది.

మొదటి ఏడాది అంతా వార్డు, క్యాజువాలిటీ. ప్లూరల్ ట్యాప్ (ఆ నీటిని సూదితో తీయడం), ఇంటర్‌కాస్టల్ డ్రెయిన్ (ఛాతీలోకి గొట్టం వేయడం), ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) చేతికి అలవాటవుతాయి. మధ్యలో మూడు నెలలు జిల్లా రెసిడెన్సీ, అంటే జిల్లా ఆసుపత్రిలో పని, ఉంటుంది, మూడో సెమిస్టర్ నుంచి ఐదో సెమిస్టర్ లోపు ఎప్పుడో ఒకప్పుడు పంపిస్తారు. చాలామంది దాన్ని సెలవుల్లా గడిపేస్తారు. నా మాట వినండి, వృథా చేయకండి. సీటీ లేని చోట, బ్రాంకోస్కోప్ లేని చోట ఒక ఆయాసం కేసుని కేవలం మాటలతో, చెవితో, ఒక పీక్ ఫ్లో మీటర్‌తో (ఊదే వేగం కొలిచే చిన్న గొట్టం) తేల్చగలిగితే ఆ ధైర్యం జీవితాంతం ఉంటుంది.

థీసిస్‌కి చిన్న ప్రశ్న తీసుకోండి. "మా ఓపీకి వచ్చే ఉబ్బసం రోగుల్లో ఇన్‌హేలర్ సరిగ్గా వాడేవాళ్లు ఎందరు, ఒకసారి నేర్పించాక నెలకి ఎందరు" అన్నది మంచి థీసిస్. ఖర్చు లేదు, రోగికి లాభం, మీకు నేర్పడం వస్తుంది. రీసెర్చ్ మెథడాలజీకి తప్పనిసరిగా చేయాల్సిన ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఉంది, దాన్ని మొదటి ఏడాదే పూర్తి చేసేయండి.

స్పైరోమెట్రీకి విడిగా శిక్షణ కావాలా? మిషన్ రిపోర్ట్ తనే ఇస్తుంది కదా?

ఈ ప్రశ్న అడిగిన ప్రతి ఒక్కరినీ నేను ముందు గొట్టం పట్టుకుని ఊదమంటాను. ఊదాక అర్థమవుతుంది.

మిషన్ ఇచ్చే అంకె, ఎదురుగా కూర్చున్న మనిషి ఎంత బాగా ఊదాడన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ మనిషి ఎంత బాగా ఊదాడన్నది మీరు ఎలా చెప్పారన్న దాని మీద ఆధారపడుతుంది. "దీర్ఘంగా శ్వాస తీసుకుని బలంగా నిశ్వాసించండి" అంటే మా పేషెంట్ అలా చూస్తూ ఉండిపోతుంది. "ఊపిరంతా లోపలికి గుంజమ్మా, ఇంకా ఇంకా, ఇప్పుడు ఒక్కసారిగా ఊదు, ఊదు ఊదు ఊదు, ఆపొద్దు, ఇంకా ఉంది లోపల" అని మీరు కూడా ఆమెతో పాటు అరవాలి. సిగ్గు పడకూడదు. గది బయట వాళ్లు నవ్వినా సరే.

పొద్దున్నే మూడు లీటర్ల సిరంజితో కాలిబ్రేషన్ చూడాలి, తేడా 3 శాతం లోపు ఉండాలి. కనీసం మూడు మంచి కర్వులు రావాలి, వాటిలో పెద్దవి రెండింటి మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. తర్వాత ఊపిరి గొట్టాలని వదులు చేసే సాల్‌బ్యుటమాల్ 400 మైక్రోగ్రాములు స్పేసర్‌తో (పంపుకి తగిలించే డబ్బా) ఇచ్చి 15 నిమిషాలు ఆగి మళ్లీ చేయాలి. ఆ 15 నిమిషాలు ఆగే ఓపిక చాలా ల్యాబుల్లో లేదు. మందు ఇచ్చిన తర్వాత కూడా ఎఫ్ఈవీ1 (మొదటి సెకనులో ఊదిన గాలి), ఎఫ్‌వీసీ (మొత్తం ఊదిన గాలి) నిష్పత్తి 0.7 కంటే తక్కువ ఉంటేనే సీఓపీడీ అని ధ్రువీకరించాలి, అదీ లక్షణాలు, పొగ చరిత్ర కలిసినప్పుడు. రెండో పరీక్ష లేకుండా సీఓపీడీ అని రాసేసిన రిపోర్టులు నా టేబుల్ మీదకి వస్తూనే ఉంటాయి. వాటిలో కొన్ని అసలు ఉబ్బసం, ఇంకొన్ని రోగి సరిగ్గా ఊదకపోవడం.

బయట కొన్ని దేశాల్లో దీనికి ప్రత్యేకంగా సర్టిఫికెట్లు ఉన్నాయి. బ్రిటన్‌లో ఏఆర్‌టీపీ అనే శ్వాసకోశ పరీక్షల నిపుణుల సంఘం ఇచ్చే సర్టిఫికెట్ అలాంటిదే, యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీకి కూడా స్పైరోమెట్రీ శిక్షణ ఉంది. మన దగ్గర వర్క్‌షాపులు జరుగుతుంటాయి, ఒకటి రెండు రోజులవి. వెళ్లండి, కానీ అక్కడ మీరు సొంతంగా ఎంతమందితో ఊదించారో లెక్క పెట్టుకోండి. ఒక్కరితో కూడా ఊదించకుండా వచ్చిన సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించుకోవడానికి తప్ప పనికిరాదు.

ఇన్‌హేలర్ వాడకం నేర్పడం కూడా పీజీ శిక్షణలో భాగమా? అది ఫార్మసీ అబ్బాయి చెప్పేస్తాడు కదా?

నా దృష్టిలో శిక్షణ మొత్తంలో మొదటి పాఠం ఇదే. నేను పీజీగా ఉన్నప్పుడు ఒక పెద్దావిడ నాలుగేళ్లుగా మందు వాడుతున్నా తగ్గడం లేదని వచ్చింది. పెద్ద డోసు రాయబోతుంటే మా యూనిట్‌లో సిస్టర్ ఆపి "అమ్మా, ఎట్లా వాడుతున్నావు?" అని అడిగింది. ఆవిడ సంచీలోంచి రోటాక్యాప్ (పరికరంలో వేసి పీల్చాల్సిన పొడి మందు క్యాప్సూల్) తీసి నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. నాలుగేళ్లూ మింగుతూనే ఉంది. ఎంతమంది డాక్టర్ల దగ్గరికి వెళ్లిందో, ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ రోజు నుంచి చూపించమని అడగకుండా ఏ రోగినీ పంపలేదు.

పంపు అయితే బాగా ఊపి, ఊపిరి వదిలేసి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెట్టగానే నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. పొడి మందు అయితే నెమ్మదిగా కాదు, ఒక్క ఊపున బలంగా లాగాలి. రెండింటికీ పద్ధతి పూర్తిగా వేరు, అందుకే ఒకే రోగికి రెండు రకాలూ రాస్తే గందరగోళం. స్పేసర్ కొనలేని ఇంట్లో 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసాకి పంపు మూతి సరిపడా రంధ్రం చేసి ఇచ్చినా పిల్లలకి పనిచేస్తుంది, అది చేయడం కూడా నేర్చుకోండి. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించమని చెప్పడం మరవకండి. ఒకసారి చెప్తే సరిపోదు, నెల తిరిగేసరికి సగం మర్చిపోతారు, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ చూడాలి.

నేను స్టాఫ్ నర్సుని. డాక్టర్లకేనా ఇవన్నీ?

కాదండీ. పై ఉదాహరణలో తప్పు పట్టుకున్నది సిస్టరే. బ్రిటన్‌లో జీపీ (కుటుంబ వైద్యుల) క్లినిక్కుల్లో ఉబ్బసం రోగుల వార్షిక సమీక్ష చాలావరకు ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులే చేస్తారు. మన దగ్గర శ్వాసకోశ నర్సింగ్ అని ఆ స్థాయి గుర్తింపు ఇంకా రాలేదు, అది బాధాకరం. ఉన్న దారులు చెప్తాను: ఎమ్మెస్సీ నర్సింగ్‌లో మెడికల్ సర్జికల్ తీసుకుని కార్డియో వాస్కులర్ అండ్ థొరాసిక్ విభాగం ఎంచుకోవచ్చు. బీఎస్సీ నర్సింగ్ తర్వాత రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ ఉంది, ఐసీయూ, వెంటిలేటర్ ఇష్టమున్నవాళ్లకి అది బాగుంటుంది. ఉద్యోగం వదలలేని పరిస్థితి ఉంటే మీ ఆసుపత్రి ఛాతీ విభాగంలో రెండు నెలలు డ్యూటీ వేయమని అడగండి, స్పైరోమెట్రీ, నెబ్యులైజేషన్, ఆక్సిజన్, ఇన్‌హేలర్ కౌన్సెలింగ్ ఈ నాలుగూ చేతికి వస్తే మీ వార్డులో మీ మాటకి విలువ పెరుగుతుంది.

ఒక్క ఆక్సిజన్ సంగతే చూడండి. సీఓపీడీ రోగి ఆయాసంతో వస్తే భయపడి ఫుల్‌గా తిప్పేస్తారు. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 88 నుంచి 92 శాతం మధ్య ఉంచాలని రాత్రి డ్యూటీ సిస్టర్‌కి తెలిస్తే ఒక ప్రాణం నిలబడుతుంది, ఎందుకంటే ఎక్కువైన ఆక్సిజన్ వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనిషి మత్తులోకి జారిపోతాడు. పొద్దున రౌండ్స్‌కి వచ్చే డాక్టర్‌కి తెలిసి ఏం లాభం?

ఫిజియోథెరపిస్టులు, రెస్పిరేటరీ థెరపిస్టులు?

ఎంపీటీలో (ఫిజియోథెరపీలో పీజీ) కార్డియో రెస్పిరేటరీ స్పెషాలిటీ ఉంది. రెస్పిరేటరీ థెరపీలో బీఎస్సీ, ఎమ్మెస్సీ ఉన్నాయి, మణిపాల్‌లో ఈ విభాగం పేరున్నది. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంతో ఈ వృత్తులకి ఒక చట్టబద్ధమైన చట్రం దొరికింది. సీఓపీడీలో పల్మనరీ రిహాబిలిటేషన్ మందుల్లాగే పనిచేస్తుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల వ్యాయామం, శ్వాస పద్ధతులు, తిండి, మనోధైర్యం కలిపి. దానికి పెద్ద జిమ్ అక్కర్లేదు, 30 మీటర్ల వరండా, గడియారం, ఆక్సీమీటర్, ఓపికున్న ఫిజియో చాలు.

నేను జనరల్ ప్రాక్టీషనర్‌ని, మూడేళ్లు మళ్లీ చదవలేను. చిన్న కోర్సులు చేస్తే బోర్డు మీద రాసుకోవచ్చా?

చేయండి, తప్పకుండా చేయండి. బోర్డు మీద మాత్రం స్పెషలిస్ట్ అని రాసుకోకండి, గుర్తింపు ఉన్న పీజీ డిగ్రీ ఉన్నవాళ్లకే ఆ హక్కు. పిల్లల డాక్టర్లకి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ల ఆస్తమా ట్రైనింగ్ మాడ్యూల్ ఉంది. ఇండియన్ చెస్ట్ సొసైటీ, నేషనల్ కాలేజ్ ఆఫ్ చెస్ట్ ఫిజీషియన్స్ కలిసి ఏటా నాప్‌కాన్ సదస్సు పెడతాయి, ముందురోజు జరిగే వర్క్‌షాపులే అసలు లాభం. ఇంకో మాట, సీఓపీడీ, ఉబ్బసం ఇప్పుడు జాతీయ ఎన్‌సీడీ (అంటువ్యాధులు కాని జబ్బుల) కార్యక్రమంలో చేరాయి. కాబట్టి పీహెచ్‌సీ డాక్టర్ అయితే శిక్షణ అడగడం మీ హక్కు.

ఆన్‌లైన్ కోర్సు సరిపోతుందా?

సిద్ధాంతానికి సరిపోతుంది. పిల్లికూతలు వినడానికి సరిపోదు.

ఏ గైడ్‌లైన్స్ చదవాలి?

ఉబ్బసానికి గినా, సీఓపీడీకి గోల్డ్ అనే అంతర్జాతీయ సంస్థల గైడ్‌లైన్స్. రెండూ ఉచితంగా దొరుకుతాయి, ఏటా మారుతుంటాయి. 2019లో గినా పెద్ద మార్పు చేసింది: పెద్దవాళ్లకీ, టీనేజ్ పిల్లలకీ సాల్‌బ్యుటమాల్ లాంటి రిలీవర్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు, పీల్చే స్టెరాయిడ్ కూడా ఉండాల్సిందే అని. ఇన్నేళ్లయినా రిలీవర్ ఒక్కటే ఉన్న చీటీలు నాకు ఇప్పటికీ కనిపిస్తున్నాయి. మన దేశపు రోగులకి తగ్గట్టు ఇండియన్ చెస్ట్ సొసైటీ వాళ్లవీ పక్కన పెట్టుకోండి.

పుస్తకాలన్నీ సిగరెట్ గురించే చెబుతాయి. మా ఓపీలో ఆడవాళ్లు ఎక్కువ, వాళ్లు సిగరెట్ తాగరు కదా?

మంచి పాయింట్ పట్టుకున్నారు. మన సీఓపీడీ కథలో సగం కట్టెల పొయ్యి దగ్గర ఉంటుంది. "పొగ తాగుతారా?" అని అడిగితే లేదంటారు. "ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండారు, వంటిల్లు విడిగా ఉండేదా, కిటికీ ఉండేదా" అని అడగాలి. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డచుట్ట తాగే అమ్మమ్మలున్నారు, వాళ్లని సిగరెట్ అని అడిగితే లేదనే చెప్తారు, అది నిజమే కూడా. పని గురించి అడగండి: పత్తి మిల్లు, మిర్చి యార్డు, గ్రానైట్ క్వారీ, పలకల పని. "ఏం పని?" అంటే "కూలీ" అంటారు. ఆ కూలీ ఎక్కడో అడిగితేనే రోగం బయటపడుతుంది.

టీబీ తగ్గిపోయాక మిగిలే ఊపిరితిత్తుల దెబ్బ ఇంకో పెద్ద అధ్యాయం. మన దేశంలో 31 కేంద్రాల్లో 2,195 మంది బ్రాంకియెక్టాసిస్ రోగుల రిజిస్ట్రీ చూస్తే, అన్నిటికంటే ఎక్కువ కారణం పాత టీబీయే, 35 శాతానికి పైగా. వీళ్లకి ఆయాసం, కఫం చూసి మళ్లీ టీబీ మందులు మొదలుపెట్టేస్తారు. కఫం పరీక్ష లేకుండా అలా చేయకూడదని ఎంత చెప్పినా తక్కువే.

ఇంకొకటి ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైన పాఠం. ఫైలేరియా ఉన్న కోస్తా ప్రాంతాల నుంచి వచ్చే యువకుడికి రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం మందులకి లొంగడం లేదు, రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 3,000 దాటాయి అనుకోండి, ట్రాపికల్ పల్మనరీ ఇయోసినోఫిలియా (ఫైలేరియా పురుగుల వల్ల ఊపిరితిత్తులకి వచ్చే జబ్బు) గుర్తు రావాలి. దానికి మందు డైఇథైల్ కార్బమజైన్, మూడు వారాలు. ఆ మందు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో వచ్చింది. పీజీలకి ఈ కేసు చెప్పేటప్పుడు ఆయన పేరు చెప్పకుండా నేను క్లాసు ముగించను.

మృగశిర కార్తెకి చేప మందు తీసుకుంటానంటే రోగికి ఏం చెప్పాలి?

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కి ఏటా వేలమంది వస్తారు, ఎంతో దూరం నుంచి, ఎంతో ఆశతో. వాళ్లని కసురుకుంటే మీ దగ్గరికి మళ్లీ రారు. నేను ఒకటే చెప్తాను: "చేప మందుతో ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదమ్మా. వెళ్లాలనిపిస్తే వెళ్లండి, కానీ పీల్చే మందు ఒక్క పూట కూడా ఆపొద్దు, పంపు సంచీలోనే పెట్టుకోండి." "ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, అది ఆఖరి మందు" అనే భయం దీనికంటే ఎక్కువ హాని చేస్తోంది. ఆ భయాన్ని తీయడానికి ఐదు నిమిషాల మాట కావాలి. ఇలా మాట్లాడటం కూడా శిక్షణలో నేర్పాలి, చాలాచోట్ల నేర్పడం లేదు.

ఎండీ తర్వాత డీఎం చేయాలా? విదేశాలకి వెళ్లాలా?

ఐసీయూ, ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్ (ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులు), ఇంటర్వెన్షనల్ పని (స్కోప్ లాంటి పరికరాలతో చేసే చికిత్సలు) మీద ఆసక్తి ఉంటే మూడేళ్ల డీఎం, అంటే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ, మంచిది. నీట్ ఎస్ఎస్ ద్వారా సీట్లు, ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ లాంటివాటికి వేరే పరీక్ష. జనరల్ మెడిసిన్ ఎండీ వాళ్లు కూడా రాయవచ్చు. జిల్లా కేంద్రంలో ఉబ్బసం, సీఓపీడీ, టీబీ బాగా చూడాలనుకుంటే ఎండీ చాలు. ఆరు నెలల ఫెలోషిప్ సరిపోయే పనికి మూడేళ్లు పెట్టనక్కర్లేదు. బ్రిటన్ వెళ్లేవాళ్లకి ఎంఆర్‌సీపీ (అక్కడి ఫిజీషియన్ల పరీక్ష), తర్వాత రెస్పిరేటరీలో స్పెషాలిటీ పరీక్ష. యూరోపియన్ సొసైటీ వాళ్ల హెర్మెస్ పరీక్ష ఇక్కడుండి చదివి రాసేవాళ్లూ ఉన్నారు, చదువుని క్రమపద్ధతిలో పెట్టుకోవడానికి బాగుంటుంది.

టీబీ అంటుకుంటుందని ఇంట్లో వద్దంటున్నారు, ముఖ్యంగా అమ్మాయిని. ఏం చెప్పాలి?

మా అమ్మ కూడా అలాగే ఏడ్చింది. ఆ భయం అబద్ధం కాదు, ఛాతీ వార్డులో ప్రమాదం ఉంది. అందుకే చేరేముందు అడగండి: ఎన్95 మాస్కులు లెక్క లేకుండా ఇస్తారా, కఫం తీసే చోటు ఆరుబయట ఉందా, వార్డులో గాలి ఆడుతుందా, పీజీలకి ఏటా ఎక్స్‌రే తీస్తారా. దగ్గే రోగికి మాస్కు పెట్టించడం, కిటికీలు తెరవడం, ఫ్యాన్ గాలి మీ వెనకనుంచి రోగి వైపు పోయేలా కూర్చోవడం, రెండు వారాలు దాటి దగ్గు ఉంటే మీ కఫం మీరే పరీక్షకి పంపుకోవడం, పొద్దున్నే తినకుండా డ్యూటీకి వెళ్లకపోవడం. ఇంట్లో వాళ్లకి ఇవన్నీ కూర్చోబెట్టి చెప్పండి, వీలైతే ఒకసారి వార్డుకి తీసుకెళ్లి చూపించండి. మా అమ్మని నేను అలాగే తీసుకెళ్లాను. వార్డు చివర మంచం మీద నెబ్యులైజర్ పెట్టుకున్న పెద్దాయన మా అమ్మని చూసి "మీ అమ్మాయే కదమ్మా నాకు ఊపిరి ఆడేట్టు చేసింది" అన్నాడు. ఇంటికొచ్చాక మా అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు, రోజూ టిఫిన్ బాక్సు మాత్రం కట్టి ఇచ్చేది.